పొమరేనియన్ కుక్క తొలి ఈత (కాన్పు)కు సన్నాహాలు: ప్రాజెక్టు డైరీ

మే, మొదటి వారం: పరీక్షలకు ముందు

చిట్టి. ఆడ పొమరేనియన్, నారింజ రంగు, వయసు 22 నెలలు, బరువు 3.1 కిలోలు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు, మైక్రోచిప్ ఉన్నాయి. 8, 14, 20 నెలల వయసులో ఎదకొచ్చింది. ఆరు నెలల లెక్క తప్పడం లేదు కాబట్టి నాలుగో ఎద సెప్టెంబరులో రావాలి. జత కట్టించేది అప్పుడే. అంటే చేతిలో ఉన్నది నాలుగు నెలలు. అసలు పనంతా ఈ నాలుగు నెలల్లోనే ఉంది. జత కట్టించడం ఒక పూట పని.

ముందే రాసిపెట్టుకున్న షరతు ఒకటే. కింద చెప్పే పరీక్షల్లో నయం కాని తేడా ఏ ఒక్కటి వచ్చినా ప్రాజెక్టు అక్కడే ఆగుతుంది. చిట్టికి గర్భసంచి ఆపరేషన్ చేయించి ఇంట్లో కుక్కగానే ఉంచాలి. ఈ మాట ముందే అనుకోకపోతే, పరీక్షలకు డబ్బు ఖర్చయ్యాక "కొంచెమే కదా తేడా" అని సర్దుకోవడం మొదలవుతుంది.

చట్టం సంగతి. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లల్ని అమ్మే పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆడ కుక్కకు 18 నెలలు నిండాలి. ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు ధ్రువీకరించాలి. వరుసగా రెండు ఎదల్లో జత కట్టించకూడదు. జీవితం మొత్తం మీద అయిదు ఈతలు దాటకూడదు, ఎనిమిదేళ్లు వచ్చాక మానేయాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చిన్న జాతి కుక్కకు అయిదు ఈతలు కూడా ఎక్కువే. చిట్టికి అనుకున్నది గరిష్ఠంగా రెండు.

ఇంకో సంగతి. మన ఊళ్లలో పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు, ఆరేడు కిలోలుంటాయి. అవి ఏ సాయమూ లేకుండా నలుగురైదుగురు పిల్లల్ని పెట్టేస్తాయి. ఆ అనుభవాన్ని మూడు కిలోల పామ్‌కు (అసలు పొమరేనియన్‌కు) వర్తింపజేయడం ప్రమాదం. దీని కటి సందు చిన్నది, కడుపులో ఒకటో రెండో పిల్లలుంటాయి, పిల్ల తల పెద్దది. రెండు కిలోలున్న ఆడదాన్ని "టీకప్" అని కొని దానితో పిల్లల్ని పెట్టించాలని చూసేవాళ్లకు చెప్పేది ఒక్కటే: వద్దు.

మే, మూడో వారం: వంశపారంపర్య లోపాలు

మోకాలి చిప్ప. బొమ్మ జాతులన్నిటిలో (టాయ్ బ్రీడ్స్, అంటే బాగా చిన్న కుక్కల్లో) మొదట చూడాల్సింది ఇదే. చిప్ప దాని గాడిలోంచి లోపలివైపు జారిపోవడాన్ని 1 నుంచి 4 గ్రేడులుగా చెబుతారు. మత్తు ఇవ్వకుండా, కుక్క నిలబడి ఉన్నప్పుడు, పడుకోబెట్టినప్పుడు రెండు విధాలా డాక్టరు చేత్తోనే చూస్తారు. చిట్టికి రెండు కాళ్లూ సున్నా. గ్రేడ్ 1 అంటే వేలితో నెడితే జారి, వదిలేస్తే వెనక్కి వచ్చేది. దాన్ని చాలామంది పర్లేదంటారు. ఈ ప్రాజెక్టులో పర్లేదు అనలేదు. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడిచే పామ్‌ను చూసి ముచ్చటపడతారు గానీ, అది చిప్ప జారడమే.

గుండె. పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం మూసుకోకుండా ఉండిపోయే లోపం ఈ జాతిలో ఉంది. స్టెతస్కోపుతో ఎడమ చంక లోపలికంటా పెట్టి వింటే ఆగకుండా మర తిరిగినట్టు మోత వస్తుంది. శబ్దం ఏమాత్రం అనుమానంగా ఉన్నా ఎకో (గుండె స్కానింగు) తీయించాలి. చిట్టికి శబ్దం లేదు. అయినా ఎకో తీయించాం, సరిగ్గానే ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు దగ్గరున్నవాళ్లు ఇలాంటి పరీక్షలకు ముందు అక్కడ అడగొచ్చు.

శ్వాసనాళం మెత్తబడి కుంగిపోయే జబ్బు ఉంటే బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు పిల్లలు పైకి నెట్టడంతో ఊపిరితిత్తులకు చోటు తగ్గి ఈ దగ్గు ప్రాణం మీదికి వస్తుంది. మెడ పట్టీ మానేసి ఛాతీ పట్టీ వాడడం ఎలాగూ మంచిదే.

జుట్టు విషయం పరీక్షతో తేలేది కాదు. తల, ముందు కాళ్లు మామూలుగా ఉండి, ఒంటి మీద, తొడల వెనక, మెడ చుట్టూ జుట్టు రాలి చర్మం నల్లబడే జబ్బు స్పిట్జ్ జాతులకు పట్టుకుంది. బయటపడేది ఒక్కోసారి మూడు నాలుగేళ్లు దాటాక. అందుకే చిట్టి తల్లిదండ్రుల్నీ, తాతమ్మల్నీ ఇప్పటి ఫొటోల్లో చూశాం. చిన్నప్పటి షో ఫొటోలు చూసి సంబరపడితే లాభం లేదు.

పళ్లు కూడా ఈ నెలలోనే. పాల కోరలు రెండు ఊడకుండా పక్కనే నిలిచిపోయాయి. వాటిని తీయించి, గార శుభ్రం చేయించాం. కడుపుతో ఉన్నప్పుడు దీనికోసం మత్తు ఇవ్వలేం. పైగా చిగుళ్లు చెడిన నోటితోనే తల్లి బొడ్డుతాడు కొరుకుతుంది, పిల్లల్ని నాకుతుంది.

జూన్: రక్తపరీక్షలు

మన ప్రాంతంలో పామ్ పిల్లల ప్రాజెక్టును దెబ్బతీసేది ఎక్కువగా పిడుదుల జ్వరమే. ఎర్లీకియా, బబేసియా లోపల దాగి ఉండగా కుక్క పైకి హాయిగానే కనిపిస్తుంది. గర్భం భారం మీద పడగానే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఎర్లీకియాకు వాడే డాక్సీసైక్లిన్ గర్భిణికి ఇస్తే పిల్లల ఎముకలు, పళ్ల మీద ప్రభావం పడుతుంది కాబట్టి అప్పుడు చేతులు కట్టేసినట్టవుతుంది. వైద్యం పూర్తిచేసి, మళ్లీ పరీక్షించి, ఒక ఎద వదిలేయడానికి వీలుండాలంటే ఇప్పుడే చూడాలి. పూర్తి రక్తకణాల లెక్క, స్లైడ్, కిట్ పరీక్ష మూడూ చేయించాం. ప్లేట్‌లెట్లు 2 లక్షల 90 వేలు. కిట్ నెగటివ్.

బ్రూసెల్లా. ఆడ, మగ రెండింటికీ తప్పనిసరి. ఇది ఉన్న ఆడది సాధారణంగా 45–55 రోజుల మధ్య పిల్లల్ని జార్చేస్తుంది. మగదానికి వృషణాలు వాచి, తర్వాత కుంచించుకుపోతాయి. మనుషులకూ అంటుతుంది. పూర్తిగా నయమైందని నమ్మకంగా చెప్పలేని జబ్బు. "మా కుక్క ఇంట్లోంచి బయటికే వెళ్లదు" అనే మగ కుక్క యజమాని మాటకు ఇక్కడ విలువ లేదు. దాని రిపోర్టు కావాలి, అదీ తాజాది.

వీటితో పాటు మూత్రపిండాలు, కాలేయం, చక్కెర, థైరాయిడ్ చూశారు. యోనిలో వేలితో పరీక్షించి లోపల అడ్డు పొర, ఇరుకు లేవని డాక్టరు నిర్ధారించారు. ఈ చిన్న పరీక్ష చేయించనివాళ్లు జత కట్టే రోజున కుక్క నొప్పితో కరుస్తుంటే సిగ్గుపడుతోందనుకుంటారు.

జులై: టీకాలు, పిడుదులు, తూకం

డిస్టెంపర్, పార్వో ఉన్న కలగలుపు టీకా, లెప్టో, రేబిస్ బూస్టర్లు ఈ నెలలో పూర్తి. ఆ టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్ కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు వేయకూడదు. ఎదకు కనీసం నెల ముందు అయిపోవాలి. తల్లి రక్తంలో రక్షణ ఎంత ఉంటే ముర్రుపాలలో పిల్లలకు అంత వెళ్తుంది.

పిడుదుల మందుల్లో గర్భిణికి, పాలిచ్చే తల్లికి వాడొచ్చని లేబుల్ మీద ఉన్నవే వాడాలి. ఫ్లురలానర్‌కు అలా ఉంది. ఆ గుంపులో అన్నిటికీ లేదు. షాపువాడు "అన్నీ ఒకటే" అంటే వినకండి.

ఒంటి స్థితి: 9 పాయింట్ల లెక్కలో 6. కొంచెం ఎక్కువే. దట్టమైన జుట్టు కింద కనబడదు గానీ వేళ్లతో తడిమితే పక్కటెముకల మీద కొవ్వు తగులుతోంది. లావుగా ఉన్నదానికి పిల్లలు తక్కువ, పురుడు కష్టం. విశ్రాంతిలో కావాల్సిన శక్తి లెక్క: బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణించాలి. 3.1 కిలోలకు సుమారు 164 కిలోకాలరీలు. ఇంట్లో మామూలుగా తిరిగే కుక్కకు దీనికి 1.6 రెట్లు, అంటే 260 చాలు. చిట్టికి 320 దాకా అందుతున్నాయి. ఎక్కువైనదంతా బిస్కెట్లు, పెరుగన్నం. అవి ఆపి, మేతను గ్రాముల్లో తూచి పెట్టాక ఆగస్టు చివరికి 2.95 కిలోలకు, 5 పాయింట్లకు దిగింది.

ఆగస్టు: మగ కుక్క ఎంపిక

2.6 కిలోలు, మూడున్నరేళ్లు, మోకాళ్లు సున్నా, గుండె మామూలు, బ్రూసెల్లా నెగటివ్. చిట్టి కంటే చిన్నది కావడమే ముఖ్యం. దాని తల్లి కూడా ఆపరేషన్ లేకుండా ఈనింది, ఆ విషయం అడిగి తెలుసుకున్నాం. నాలుగు తరాల వంశపత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే ముత్తాత తరంలో ఒక్క పేరు కలిసింది. తాతల తరంలో కలిసి ఉంటే వద్దనుకునేవాళ్లం. వీర్య పరీక్షలో చురుగ్గా కదిలే కణాలు 80 శాతం. 70 కంటే తక్కువైతే ఆలోచించాలి.

ఒక మగదాన్ని ముందే తిరస్కరించాం. అది మెర్ల్ మచ్చల కుక్క. ఆ రంగు ఈమధ్య ఎక్కువ ధరకు అమ్ముడుపోతోంది. మెర్ల్ జన్యువు పైకి కనబడకుండా నారింజ, క్రీమ్ రంగుల కింద దాక్కోగలదు. రెండు వైపులా ఉంటే పిల్లలు చెవిటివిగా, గుడ్డివిగా పుట్టే ప్రమాదం ఉంది. చిట్టిది నారింజ రంగు కాబట్టి జన్యు పరీక్ష లేకుండా ఆ జోడీ గురించి ఆలోచించే ప్రశ్నే లేదు.

పిల్లలు పుట్టక ముందే మూడు ఇళ్లు ఖరారయ్యాయి. ఎప్పుడు కుదరకపోయినా పిల్లను తిరిగి మాకే ఇవ్వాలి, పెంపకానికి వాడకూడదు అని కాగితం మీద ఉంది.

సెప్టెంబరు 20 – అక్టోబరు 5: ఎద

20న రక్తం చుక్కలు కనిపించాయి. ఇది 1వ రోజు. పామ్‌లు తమను తాము నాకి శుభ్రం చేసుకుంటాయి కాబట్టి అసలు మొదటి రోజు దాటిపోవచ్చు. నెల మొదలైనప్పటి నుంచీ రోజూ పొద్దున తెల్ల టిష్యూతో తుడిచి చూస్తే అది దొరుకుతుంది. ఈ రెండు మూడు వారాలూ బయటికి తీసుకెళ్తే గొలుసు తప్పనిసరి. ఒకే ఎదలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో సాధ్యమే, గేటు కింద సందు చాలు.

"తొమ్మిదో రోజు, పదకొండో రోజు క్రాసింగ్ చేయించండి" అనేది మన దగ్గర పాత లెక్క. ఏడో రోజున అండం విడుదలయ్యేవీ ఉన్నాయి, ఇరవయ్యో రోజున అయ్యేవీ ఉన్నాయి. రక్తంలో ప్రొజెస్టిరాన్ (అండం ఎప్పుడు విడుదలైందో తెలిపే హార్మోను) చూడకుండా జత కట్టిస్తే కడుపు నిలవకపోవడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం పురిటి తేదీ తెలియకపోవడం. జత కట్టిన రోజు నుంచి లెక్కేస్తే పురుడు 57 నుంచి 72 రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు. అండం విడుదల నుంచి లెక్కేస్తే 63, ఒక రోజు అటూ ఇటూ. సిజేరియన్ అవసరమయ్యే అవకాశం ఎక్కువున్న జాతిలో ఈ తేడాయే పిల్లల ప్రాణం.

ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో వచ్చిన అంకెలు: 6వ రోజు 0.6. 8వ రోజు 1.1. 10వ రోజు 2.4, అంటే అండం విడుదలకు కబురు పంపే ఎల్‌హెచ్ హార్మోను ఎగబాకిన సమయం. 12వ రోజు, అక్టోబరు 1న, 5.6. ఇది అండాల విడుదల. 14వ రోజు 13, పెరుగుదల ఆగలేదని ధైర్యం.

అన్ని నమూనాలూ ఒకే ల్యాబుకు వెళ్లాలి. యంత్రం మారితే అంకె మారుతుంది. రక్తం జెల్ లేని మామూలు ఎర్ర మూత ట్యూబులో తీయించాలి, జెల్ కొంత హార్మోనును పీల్చుకుని అంకెను తగ్గిస్తుంది. రిపోర్టు నానోమోల్‌లలో వస్తే 3.18తో భాగించాలి. యూనిట్ చూడకుండా 6 అనే అంకెను పట్టుకుని పరిగెత్తితే రోజుల ముందే వెళ్లినట్టు.

విడుదలైన అండాలు పక్వానికి రావడానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే జత 14, 16 రోజుల్లో. చిట్టినే మగదాని ఇంటికి తీసుకెళ్లాం, మగది తన చోటున ధైర్యంగా ఉంటుంది. తోక కింద, తొడల వెనక జుట్టు ముందే కత్తిరించాం. కింద జారని రబ్బరు చాప. మగది పొట్టి కాబట్టి దాని కింద ఇంకో మడత చాప. మొదటిసారి 14 నిమిషాలు, రెండోసారి 9 నిమిషాలు లాక్ అయ్యాయి. ఆ సమయంలో చిట్టి తల దగ్గర ఒక మనిషి కూర్చుని కదలకుండా పట్టుకోవాలి. విడదీయాలని లాగితే రెండింటికీ గాయాలవుతాయి.

అక్టోబరు 29: అండం విడుదలై 28 రోజులు

స్కానింగులో రెండు గుండెలు కొట్టుకుంటున్నాయి. ఈ దశలో బతికి ఉన్నాయా అన్నది నమ్మకంగా తెలుస్తుంది గానీ ఎన్ని అన్నది నమ్మకంగా తెలియదు.

మేత ఇప్పుడు పెంచలేదు. కడుపు తెలిసిన రోజు నుంచీ రెండింతలు పెట్టేస్తే ఆ కొవ్వంతా తల్లికే చేరుతుంది. మూడో నాలుగో వారంలో రెండు రోజులు తినకపోతే కంగారు అక్కర్లేదు, వేవిళ్లే. అంతకంటే ఎక్కువైతే డాక్టరు. దీపావళి రాత్రి టపాసులు మోగినంతసేపూ కిటికీలు మూసిన లోపలి గదిలో, ఫ్యాన్ చప్పుడు మధ్య ఉంచాం.

నవంబరు 10: 40వ రోజు

నేటి నుంచి చిట్టిని కుక్క పిల్లల కోసం అమ్మే మేతకు మార్చడం, నాలుగు రోజుల్లో మెల్లగా. వారానికి పది శాతం చొప్పున పెంచాలి, రోజుకు నాలుగు పూటలు. కడుపు నిండా పిల్లలున్నప్పుడు పొట్టలో చోటు ఉండదు.

కాల్షియం మందు ఇవ్వడం లేదు. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. "కడుపుతో ఉంది కదా, బలానికి" అంటూ గులాబీ రంగు సిరప్ పోయడం మన ఇళ్లలో మామూలు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఎముకల్లోంచి తీసి సర్దే పని పారాథైరాయిడ్ గ్రంథిది. బయటి నుంచి రోజూ పోస్తుంటే ఆ గ్రంథి పనిచేయడం మానేస్తుంది. పాలు దిగాక ఒక్కసారిగా కాల్షియం కావాల్సి వచ్చినప్పుడు అది మేల్కోదు. అప్పుడు తల్లి వగరుస్తుంది, వణుకుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, జ్వరం పెరిగి ఫిట్స్ వస్తాయి. చిన్న జాతుల్లో ఈ ప్రమాదం ఈనిన ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య ఎక్కువ. లేబుల్ మీద ఎదుగుదలకు, గర్భానికి సరిపడా అని రాసి ఉన్న మేతలో కాల్షియం, భాస్వరం సరైన పాళ్లలోనే ఉంటాయి. రోజూ కాలేయం పెట్టడమూ మంచిది కాదు. విటమిన్ ఎ మోతాదు మించితే పిల్లలకు అంగుడి చీలికలు రావచ్చు.

నట్టల మందు ఫెన్‌బెండజోల్, కిలోకు 50 మి.గ్రా. చొప్పున ఇవాళ్టి నుంచి ఈనిన 14 రోజుల దాకా రోజూ, డాక్టరు రాసినట్టు. ఇవాళ్టి బరువు 3.3 కిలోలు, అంటే 165 మి.గ్రా. మిల్లీలీటరుకు 25 మి.గ్రా. ఉన్న ద్రావణమైతే 6.6 మి.లీ., 100 ఉంటే 1.65. సీసా మారినప్పుడల్లా లెక్క మళ్లీ వేయాలి. గుండ్రటి నట్టల పిల్లలు తల్లి కండరాల్లో ఏళ్ల తరబడి నిద్రపోయి, గర్భం 42వ రోజు ప్రాంతంలో లేచి మాయ గుండా పిల్లల్లోకి వెళ్తాయి. ఒకసారి తాగించి ఊరుకుంటే ఇవి చావవు.

నవంబరు 20: పురిటి పెట్టె

75 × 60 సెం.మీ., గోడలు 35 సెం.మీ., ముందువైపు గడప 12 సెం.మీ. ప్లైవుడ్, లోపల కడగడానికి వీలైన లామినేట్. గోడల వెంట 5 సెం.మీ. ఎత్తులో, 5 సెం.మీ. ఎడంగా చుట్టూ కర్ర చట్రం. తల్లి గోడకు ఆనుకుని పడుకున్నప్పుడు వంద గ్రాముల పిల్ల ఆ సందులో బతుకుతుంది. డిసెంబరు రాత్రులు చలిగా ఉంటాయి. మొదటి వారం పిల్లలున్న చోట 29–32 డిగ్రీలు కావాలి. వేడి మ్యాట్ పెట్టెలో సగం భాగం కిందే పెట్టాలి, మిగతా సగం చల్లగా ఉంటే తల్లి అక్కడికి జరుగుతుంది. థర్మామీటరు పిల్లల ఎత్తులో ఉండాలి, గోడ మీద కాదు. చిట్టి ఇవాళ్టి నుంచే అందులో పడుకుంటోంది.

పక్కన పెట్టెలో: ఒక గ్రాము తేడా చూపే వంటింటి తూకం, ఉతికిన పాత తువ్వాళ్లు, మొద్దు మొన కత్తెర, బొడ్డు కట్టడానికి వాసన లేని డెంటల్ ఫ్లాస్, పొవిడోన్ అయోడిన్, పిల్ల నోట్లో ముక్కులో ద్రవం పీల్చడానికి రబ్బరు బల్బు, గ్లూకోజు, కుక్క పిల్లల పాలపొడి, చేతి తొడుగులు. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇందులో లేదు. పిల్ల అడ్డం పడినప్పుడు అది పొడిస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది.

నవంబరు 26: 56వ రోజు, ఎక్స్‌రే

రెండు వెన్నెముకలు, రెండు తలలు. పెద్ద పిల్ల తల వెడల్పు తల్లి కటి సందు కంటే తక్కువే ఉంది. సహజంగా ఈనడానికి వీలుందని డాక్టరు అన్నారు. ఒక్కటే పిల్ల ఉండి ఉంటే నిర్ణయం వేరు. పురుడు మొదలవ్వాలని కబురు పంపేది పిల్లలే. ఒక్క పిల్ల కబురు చాలక రోజులు దాటిపోతుంది, ఆ దాటిన రోజుల్లో అది ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఎదురుచూడకుండా ప్రొజెస్టిరాన్ 2 కంటే కిందికి పడిపోయిందని చూసుకుని సిజేరియన్ చేయించుకోవడమే మేలు.

నవంబరు 28 నుంచి

రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత, ఒకే వేళల్లో. మామూలుగా 100.8–101.5 ఫారన్‌హీట్ వస్తోంది. 99 కంటే కిందికి పడితే 24 గంటల్లో ఈనుతుంది. ఆ పడిపోవడం కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి రోజుకు ఒక్కసారి చూస్తే దొరకదు. గూడు గీరడం, తినకపోవడం, వణకడం మొదటి దశ, 6 నుంచి 12 గంటలు.

డాక్టరు నంబరు, రాత్రి తెరిచి ఉండే ఇంకో ఆస్పత్రి నంబరు, దారిలో పట్టే సమయం పెట్టె మీద అతికించి ఉన్నాయి. కారులోకి పట్టే బుట్ట, వేడినీళ్ల సీసా సిద్ధం. వెంటనే బయల్దేరాల్సిన సందర్భాలు కూడా అదే కాగితం మీద ఉన్నాయి. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోవడం. మొదటి పిల్ల రాకముందే ముదురాకుపచ్చ స్రావం, అంటే మాయ విడిపోయింది. మొదటి పిల్ల వచ్చాక రెండు గంటలు దాటినా రెండోది రాకపోవడం. ఉష్ణోగ్రత పడి 24 గంటలైనా నొప్పులు రాకపోవడం. డిసెంబరు 4 దాటడం. వీటిలో ఏది జరిగినా ఫోనులో ముందు చెప్పాల్సిన వాక్యం కూడా రాసి ఉంది: "2.95 కిలోల పామ్, ఇప్పుడు 3.6, తొలి ఈత, అండం విడుదల అక్టోబరు 1, ఎక్స్‌రేలో రెండు పిల్లలు, కాల్షియం ఇవ్వలేదు, ఆక్సిటోసిన్ ఇవ్వలేదు."